పరాన్నభుక్కు

సముద్రమందలి సొరచేపల మొప్పలపైని, టేకుచేపల మొప్పలపైని కొన్ని చదునుపురుగులు కాపురముండును. వెనుకకొననున్న ఆఱు చూషకములతో నంటుకొని చేపరక్తమే యాహారముగా బ్రదుకును. వీని జ్ఞాతులు మంచినీటి చేపలయందును గలవు. తాండూరు సంతలో గొన్న వాలుగ మొప్పను సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూపినపు డొక బాలుడు "ఛీ, తిండిదొంగ!" యనెను.

పురుగునకేమి పాపము? గ్రుడ్డు వెడలిన పిల్ల సన్నని నూగుతో నీదులాడి, తనకు దగిన చేపను త్వరలో జేరదేని చచ్చును. వేఱు బ్రదుకు దానికి లేదు. అదియు స్వేచ్ఛగా దిరుగు చేపను సాధారణముగా జంపదు. ఇఱుకు తొట్లలో మనము చేపలను కుక్కినప్పుడే పెచ్చుపెరిగి ప్రాణము దీయును.

వికారాబాదున నొక గృహస్థు, భర్త పోయి తన పంచ జేరిన చెల్లెలిని నలుగురియెదుట "పరాన్నభుక్కు" అనెను. ఆమె కోడికూతకు లేచి పదిమందికి వండి, మిగిలినది తినును. జీతము మాట దేవు డెఱుగు. ఇం దెవ రెవరిని దినుచున్నారు? వీలునామా లేనిచో తండ్రి స్వార్జితమునకు కూతురును వారసురాలని 1956 నాటి చట్టము, వంశపారంపర్యపు టాస్తిలోను గొడుకుతో సమానభాగము గలదని 2005 నాటి సవరణము చెప్పుచున్నవి.

"అయ్యా, మీ తండ్రిగారి పొలములో నామెవంతు పంట యెవరింటికి వచ్చుచున్నది?" అని యడిగితిని. ఆయన తమలపాకునకు సున్నము రాచుచు, ఈయేడు తాండూరులో కందులధర యెట్లున్నదని నన్నే యడిగెను.