కల్తీ కల్లు, సమ్యగాజీవం

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం ప్రాంతపు మందుల పరిశ్రమల నడుమ యువకుల మత్తు వ్యసనం గురించి జరిగే చర్చ సాధారణంగా తాగేవాడి దగ్గర మొదలై అతడి దగ్గరే ముగుస్తుంది. నిగ్రహం లేదని అతడిని మందలిస్తారు గాని, మత్తును తయారుచేసినవాడి ధర్మమేమిటన్న ప్రశ్న పోలీసు కేసులోకే తప్ప నీతిబోధలోకి రాదు. సంగారెడ్డికి సమీపంలోని కొండాపూర్‌లో శాతవాహనుల కాలపు బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి గనుక, ఈ ప్రశ్నను బౌద్ధనీతితో పరిశీలించడం ఈ నేలకు కొత్తేమీ కాదు.

పంచశీలలో, అంటే గృహస్థు పాటించవలసిన అయిదు నియమాలలో, చివరిది మద్యవిరతి. మత్తు ఏమరుపాటుకు తావిస్తుందన్నది అందుకు చెప్పిన కారణం. అయితే బౌద్ధం అక్కడితో ఆగలేదు. అష్టాంగమార్గంలో సమ్యగాజీవం, అంటే పరులకు కీడు చేయని బతుకుతెరువు, ఒక అంగం కాగా, అంగుత్తర నికాయంలోని వణిజ్జ సుత్తం ఉపాసకుడు చేయరాని వ్యాపారాలుగా ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషాలను పేర్కొంటుంది.

కల్తీ కల్లులో చివరి రెండూ ఒకటైపోతాయి. ఆందోళనకు వైద్యులు రాసే ఆల్ప్రజోలం, నిద్రకు వాడిన క్లోరల్ హైడ్రేట్ వంటివి కలిపిన ద్రవాన్ని ఈత కల్లు పేరుతో అమ్ముతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఆ మత్తు అందక మూర్ఛలతో, భ్రాంతులతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు వరుసకట్టారు. బౌద్ధం కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం, అంటుంది. కల్లనుకొని తాగినవాడికి ఆల్ప్రజోలం తీసుకోవాలన్న సంకల్పమే లేదు, దాన్ని వండినవాడికి మాత్రం అది సంపూర్ణంగా ఉంది. ఆ వండేచోట్లు దూరాన లేవు: సంగారెడ్డి జిల్లాలోనే దొంగచాటు తయారీ పట్టుబడింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 100 గ్రాములు దాటిన ఆల్ప్రజోలమే వాణిజ్య పరిమాణం. దానికి కనీస శిక్ష పదేళ్లు. చట్టం అడిగేది నేరం జరిగాక, సమ్యగాజీవం అడిగేది అంతకు ముందే, బతుకుతెరువును ఎంచుకునేటప్పుడే. రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకొని రియాక్టర్ ముందు నిలబడే కుర్రవాడు కూడా యువకుడే. కళాశాలల్లో మత్తుకు దూరంగా ఉంటామని చేయించే ప్రతిజ్ఞలో, మత్తును తయారుచేయబోమన్న వాక్యాన్ని కూడా చేర్చాలి.