ఎలా ఉంది?

ఒక రచయిత తన పుస్తకం మీ చేతిలో పెట్టి, నాలుగు రోజులు ఆగి, "ఎలా ఉంది?" అని అడిగాడనుకోండి. మీకు నచ్చలేదు. ఏం చెబుతారు? 1797లో వచ్చిన నీతిశాస్త్ర గ్రంథంలో ఇమ్మాన్యుయేల్ కాంట్ ఈ ప్రశ్న వేశాడు. ఏదో జోకేసి తప్పించుకోవచ్చు, కానీ సమయానికి జోకు అందరికీ తడుతుందా? కాస్త తటపటాయించినా అవతలివాడు అవమానంగా తీసుకుంటాడు. మరైతే అతను వినాలనుకుంటున్న మాటే అనేయొచ్చా? అబద్ధం ఎట్టి పరిస్థితిలోనూ కూడదని భీష్మించుకున్న మనిషి, ఇక్కడ మాత్రం జవాబు చెప్పకుండా ప్రశ్నని ప్రశ్నలాగే వదిలేశాడు. ఒంటరిగా భోంచేయడం తత్వవేత్త ఆరోగ్యానికి మంచిది కాదని నమ్మి, మధ్యాహ్నాలు స్నేహితుల్ని పిలిచి కబుర్లతో తినేవాడట కాంట్. వంట మాత్రం వంటమనిషి చేసేది. తనే చేసుంటే ఆ ప్రశ్నలో పుస్తకం బదులు కూర ఉండేదని నా అనుమానం.

ఎందుకంటే పుస్తకం నచ్చకపోతే మూసి పక్కన పెట్టొచ్చు. పళ్లెం మూసేయడానికి లేదు. వండిన మనిషి గరిటె పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంటుంది.

మా ఇంట్లో ఆ గరిటె పట్టుకునేది నేను. హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్. నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం, అంతకు ముందెన్నడూ వండనిది ఏదో ఒకటి వండి నలుగురైదుగురిని పిలుస్తాను. ఒకసారి ఇథియోపియా వాళ్ల ఇంజెరా చేశాను. టెఫ్ అనే చిరుధాన్యం పిండిని మూడు రోజులు పులియబెట్టి, పెనం మీద ఒకవైపే కాలుస్తారు. పైనంతా తేనెపట్టులా కళ్లు కళ్లుగా వస్తుంది. అడిస్ అబాబా నుంచి స్నేహితురాలు తెచ్చిన పిండి అరకిలోనే కాబట్టి రాగిపిండి కలిపాను. నంజుకోవడానికి షిరో అని, శనగపిండి, ఉల్లి, వెల్లుల్లి, బోలెడంత కారంతో చేసే చిక్కటి కూర. ఆ వేళకి తెనాలి నుంచి వచ్చి ఉన్న అమ్మ, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "పుల్లట్టే కదే ఇది" అంది. షిరో కూడా చూసి, "కాస్త పోపు పెడితే సరిపోయేది" అంది. మిగతా నలుగురూ "బాగుంది" అన్నారు.

ఈ 'బాగుంది' అనే మాట మీద నాకో చిన్న నిఘంటువు ఉంది. 'బావుంది, బావుంది' అని రెండుసార్లు అంటే ఒకసారికి సరిపడా కూడా లేదని. 'వెరైటీగా ఉంది' అంటే మళ్లీ చేయొద్దని. 'హెల్తీ' అంటే ఇంటికెళ్లి పెరుగన్నం కలుపుకుంటారని. ఏమీ అనకుండా మారు వడ్డించుకుంటే, అదొక్కటే నమ్మదగ్గ తీర్పు. ఆ తీర్పుకి కూడా మన ఇళ్లలో పూర్తి స్వేచ్ఛ లేదు. చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించే మర్యాద మనది. కొసరి కొసరి పెట్టడం ప్రేమ అనుకుంటాం. ప్రేమే, కాదనను. కానీ వద్దన్న మాట వినిపించుకోని ప్రేమ.

అమ్మ తరం ఆడవాళ్లు "ఎలా ఉంది?" అని అడగడం నేను పెద్దగా వినలేదు. వాళ్లడిగేది "ఉప్పు సరిపోయిందా?" అని. కాంట్ చిక్కుకి నాకు తెలిసిన మంచి విరుగుడు ఇదే. ఉప్పు గురించి ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. "ఒక్క రవ్వ పడుతుందేమో" అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. లోపం ఉండొచ్చని వండిన మనిషే ముందు ఒప్పేసుకుని, తినే మనిషికి వేలెత్తి చూపడానికో చోటు వదిలిపెడుతోంది. ఇది వినయంలా కనిపిస్తుంది గానీ నిజానికి ఎదుటివాళ్లకి ఇచ్చే అనుమతి.

అనుమతి దగ్గరే ఉంది నాకు సంగతంతా. కొత్త వంట తినిపించడంలో మంచీ చెడూ రుచిని బట్టి తేలవు. ఎదుటి మనిషి వద్దంటే ఏమవుతుంది అన్నదాన్ని బట్టి తేలతాయని నా అభిప్రాయం. కొత్తదనానికి మనం ఏనాడూ శత్రువులం కాము. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి వచ్చిన మిరపకాయ ఇవాళ గుంటూరు ఇంటిపేరైపోయింది. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ అన్నీ అలా వచ్చి చేరినవే. ప్రతిదాన్నీ ఏదో ఒక వంటింట్లో ఎవరో ఒకరు మొట్టమొదట వండే ఉంటారు, ఎవరో ఒకరు మొహం చిట్లించే ఉంటారు. అవి వచ్చిన గుర్తు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నది తద్దినం భోజనంలో. చాలా ఇళ్లలో ఆ రోజు మిరపకాయ వాడరు, మిరియాలే. టమాటా, క్యాబేజీ, బంగాళాదుంప గడప తొక్కవు. దీనికి శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పే కారణాలు వేరు. నాకు మాత్రం అందులో ఒక న్యాయం కనిపిస్తుంది: పోయినవాళ్లు చెయ్యి అడ్డం పెట్టలేరు, కాబట్టి వాళ్ల మీద ప్రయోగాలు చేయం.

బతికున్నవాళ్లతో వ్యవహారం ఇంత తేలిక కాదు. థాయ్ గ్రీన్ కర్రీ చేసిన ఆదివారం సంగతి. షాపులో కొన్న పేస్టు సీసా వెనక, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో, రొయ్యల్ని ఉప్పులో ఊరబెట్టి చేసే ముద్ద కూడా ఉందని రాసుంది. వచ్చేవాళ్లలో నా సహోద్యోగి ఒకతను పుట్టు శాకాహారి. వడ్డించే ముందే చెప్పాను. అతను కూర వైపు ఒకసారి ఆశగా చూసి (కొబ్బరిపాలు, తులసి వాసన, ఎవరికైనా ఆశ పుడుతుంది), పప్పు, అప్పడం, పెరుగుతో కానిచ్చాడు. అతను వెళ్లాక ఇంకో స్నేహితుడు నిలదీశాడు. "అసలెందుకు చెప్పావ్? అంతా కలిపి చెంచాడు రొయ్యలు. నాలిక్కి తెలీదు, ఒంటికి హాని లేదు. హాయిగా తినేవాడు, నిజంగానే బాగుందనేవాడు. ఎవరికి నష్టం?"

కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదిది. పిల్లలకి చపాతీ పిండిలో పాలకూర కలిపి పెట్టని తల్లి ఎవరు? దాన్ని మోసం అంటామా? నేను పట్టుకున్న కొలత ఒకటుంది: తర్వాత ఎప్పుడైనా ఆ నిజం చెప్పగలనా? పాలకూర సంగతి పదేళ్ల తర్వాత చెబితే ఆ పిల్లాడు నవ్వుతాడు. రొయ్యల సంగతి పదేళ్ల తర్వాత చెబితే నా సహోద్యోగి నవ్వడు. ఆ పదేళ్లలో మా ఇంట్లో తిన్న ప్రతి ముద్దనీ వెనక్కి తిరిగి అనుమానిస్తాడు. నష్టం నాలిక్కి జరగకపోవచ్చు. నా చేతి మీద ఉన్న నమ్మకానికి జరుగుతుంది. ఇంకొకరి చేతి వంటని ఒంట్లోకి పంపించుకోవడమంటే మామూలు నమ్మకం కాదు. మనం రోజూ చేస్తాం కాబట్టి అది మామూలుగా కనిపిస్తుంది, అంతే. ఇక అతని శాకాహారం వెనక కులం ఉందన్న సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు. దాని మీద వాదన ఉంటే నోటితో వాదించాలి. గరిటెతో గెలవడం గెలుపు కాదు.

ఇంతవరకూ వద్దనే హక్కు వైపే మాట్లాడుతూ వచ్చాను. మా ఆదివారాల్లోనే ఒక రోజు ఆ హక్కు నన్ను ఇరకాటంలో పెట్టింది. ఆ వేళ ఎవరికి వాళ్లు ఏదో ఒకటి వండి తేవాలనుకున్నాం. మా బృందంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చినామె ఒక గిన్నెలో బోటి, ఇంకో గిన్నెలో నల్ల తెచ్చింది. తెలియనివాళ్ల కోసం: నల్ల అంటే మేక రక్తం, వేపుడు చేస్తారు. మా వాళ్లలో ఒకడు అంతకు ముందు నెలంతా కొరియా వీడియోలు చూసి, సియోల్‌లో అమ్మే సూండే ఒక్కసారైనా తినాలని మాకు చెవుల్లో జోరీగలా చెప్పినవాడు. సూండే అంటే రక్తం కూరి చేసే సాసేజే. అలాంటివాడు నల్ల అనే మాట వినగానే, "ఇవాళ కడుపు బాలేదబ్బా" అన్నాడు. వాడి వెనకే ఇంకో ఇద్దరి కడుపులు కూడా పాడయ్యాయి. ఆమె ఎవర్నీ ఎలా ఉందని అడగలేదు. నేనూ ఇంకొకామే తిన్నాం. చాలా బాగుంది, బోటి మరీను. ఆమె కాసేపటికి గిన్నెల మీద మూతలు పెట్టేసింది.

వద్దనే హక్కు వాడికి లేదా? ఉంది. రక్తం చూస్తే నిజంగానే ఒళ్లు జలదరించేవాళ్లు ఉంటారు, వాళ్ల నోట్లో కుక్కే అధికారం ఎవరికీ లేదు. కానీ సియోల్‌లో దొరికితే సాహసం అయ్యేది కరీంనగర్ నుంచి వస్తే కడుపునొప్పి ఎందుకయింది? ఇంటికి దూరమయ్యే కొద్దీ తిండి 'కల్చర్' అవుతుంది. దగ్గరయ్యే కొద్దీ అది ఎవరి తిండో గుర్తుకొస్తుంది. మరాఠీ రచయిత షాహూ పటోలే తన ప్రాంతపు దళితుల వంటల మీద రాసిన పుస్తకానికి 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' అని పేరు పెట్టాడు. అన్నం పూర్ణబ్రహ్మం అని గోడల మీద రాసుకునే దేశంలో, ఆ 'అ' అనే ఒక్క అక్షరం చేర్చడంలో ఎంత చెప్పాడో! ఇప్పుడది ఇంగ్లీషులో కూడా దొరుకుతోంది. మన నగరపు సాహస భోజనప్రియులు చదవాల్సిన పుస్తకం. వాడు కాదన్నది కూరని అయ్యుంటే ఆమె మరుసటి నెల ఇంకో కూర తెచ్చేది. ఆ తర్వాత రెండు ఆదివారాలు ఆమె బేకరీ నుంచి పఫ్‌లు కొనుక్కొచ్చింది.

తినేవాళ్ల సంగతి ఇలా ఉంటే, వండేవాళ్లలో అందరికీ కొత్తది వండే వీలుందా అన్నది ఇంకో మాట. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ 1951లో తెచ్చిన ప్రసిద్ధ వంటల పుస్తకం పేరు 'సమైత్తుప్పార్', అంటే వండి చూడు. తెలుగులోనూ అంతే. చేసి చూడు, తిని చూడు. రుచిని సైతం మనం 'చూస్తాం'. ఈ 'చూడు' అన్న చిన్న మాటలో పెద్ద తిరకాసుంది. వండి చూడ్డం సరే, చూశాక బాలేకపోతే? అమ్మ దగ్గర మాలతీ చందూర్ 'వంటలు - పిండివంటలు' ఉండేది, అట్ట ఊడిపోయి, పసుపు మరకలతో. మధ్యాహ్నం పూట నవల చదివినట్టు చదివేది. చదివినవాటిలో వండినవి చాలా తక్కువ. నాన్న చెడ్డవాడేం కాదు. ఎనిమిదిన్నరకి క్యారేజీ కట్టుకుని ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి. కూర తేడాగా ఉంటే ఏమీ అనకుండా పళ్లెం పక్కకి జరిపేవాడు. ఆ జరిపిన చప్పుడు చాలు. మిగిలిన కూర అమ్మ తినేది, ఆ పూటా, మర్నాడూ. మాకు గుడ్డు వేయించి పెట్టి తను అదే తినేది. నూనె, కూరగాయలు డబ్బు పెట్టి కొన్నవి, పారేస్తే పాపం. కాబట్టి కొత్తది వండి చూసే ఖర్చు ఆవిడ పొట్ట భరించాలి. అలాంటప్పుడు ఎవరు మాత్రం వండి చూస్తారు?

నా ఆదివారాలని జనం ధైర్యం అంటారు, క్రియేటివిటీ అంటారు. నా జీతం, ముప్పై నిమిషాల్లో బిర్యానీ తెచ్చిపెట్టే యాప్, నా ముందు పళ్లెం జరిపే మనిషి లేకపోవడం, ఈ మూడూ తీసేస్తే అందులో ధైర్యం ఎంత మిగులుతుందో నాకు తెలుసు. మా అన్నయ్య ఏడాదికి రెండుసార్లు బిర్యానీ వండుతాడు. చుట్టాలు దాని గురించి మళ్లీ ఏడాది దాకా చెప్పుకుంటారు. సింకులో గుట్టపడ్డ గిన్నెల గురించి ఎవరూ చెప్పుకోరు. (మా ఇంట్లో తిన్నవాళ్లే తోమి వెళ్లాలని షరతు. దాని వల్ల ఇద్దరు రావడం మానేశారు.)

ఇప్పుడు నేను కొత్తది వండినప్పుడు పక్కన పప్పు, అన్నం, పెరుగు ఉంటాయి. ఏం వేశానో ముందే చెబుతాను. వడ్డించను, గిన్నెలు మధ్యలో పెట్టేస్తాను. ఎలా ఉందని అడగను. ఉప్పు సంగతి అడుగుతాను. వీటితో అన్నీ సర్దుకుంటాయని కాదు. మొహమాటం పప్పు గిన్నె దగ్గర కూడా కూర్చునే ఉంటుంది. పఫ్‌లు తెచ్చే స్నేహితురాలిని, "ఈసారి బోటి నువ్వు చేసిపెట్టు, నాకు నేర్పించు" అని అడిగాను. "చూద్దాం" అంది.

పోయిన నెలలో అమ్మ ఫోన్ చేసింది. అరవై ఆరేళ్ల వయసులో యూట్యూబ్ చూసి పాస్తా వండిందట. టమాటా పులుపు చాలదేమోనని గోంగూర వేసిందట.

"ఎలా ఉంది?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఛీ, పాడు. మీ నాన్న ఒక్క ముద్ద తిని జరిపేశారు. నేనూ తినలేకపోయానే."

"మరేం చేశావ్?"

"పారబోశా" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి.

"మరి నాన్న?"

"పెరుగన్నం. ఆయనే కలుపుకున్నారు."