లెక్క ముగియకముందే తీర్పా?



కాటా వేయకముందే పత్తి ఇన్ని క్వింటాళ్లని తేల్చే వ్యాపారిని మన చెవిటికల్లు రైతు నమ్ముతాడా? మరి ఓట్ల లెక్కింపు ముగియకముందే ఒకరిని గెలిపించి, మరొకరిని ఓడించే టీవీని ఎందుకు నమ్ముతున్నాము?

2019 శాసనసభ ఎన్నికలలో విజయవాడ సెంట్రల్ స్థానంలో మల్లాది విష్ణు గారి ఆధిక్యము కేవలం 25 ఓట్లు. అటువంటి చోట చివరి ఓటు లెక్కించేవరకు “ఇంకా తెలియదు” అనడమే సత్యము.

ఊహించడం పాపం కాదు. ఊహను నిజమని చాటడమే తప్పు. రేపు అది నిజమే అయినా, తెలియనిదానిని తెలుసునన్నవాడు ఈనాడు అబద్ధమాడినట్లే. ఆ మాట నమ్మి ఒకే వీధివారు టపాకాయలు కాల్చి, కయ్యానికి దిగితే ఆ గాయం మాన్పేదెవరు?

పొరుగువారిపై విన్న మాటను విచారించకుండా మోసే మనము టీవీని ఏమనగలము? అబద్ధ సాక్ష్యమును నిషేధించే ఎనిమిదవ ఆజ్ఞ మన ఇంటి అరుగుకు కూడా వర్తిస్తుంది.