పరాయి పనికి పూచీ ఎవరిది?
చిన్న ప్రోగ్రామింగ్ భాషల బాహ్య సంబంధాలు: ఒక నైతిక పరిశీలన

తాను స్వయంగా పరీక్షించి తెలుసుకున్న విషయానికి పూచీ పడటం మనిషికి కష్టం కాదు. మరొకరి వల్ల తెలుసుకున్న దానిని తన మాటగా మూడో వ్యక్తికి అందించినప్పుడు ఆ మాటకు పూచీ ఎవరిది అన్నది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. సాక్షి, అనువాదకుడు, వ్యాఖ్యాత, మధ్యవర్తి ఏదో ఒక రూపంలో దీనిని ఎదుర్కొంటూనే ఉంటారు. కంప్యూటర్ శాస్త్రంలో ఈ ప్రశ్న వ్యాకరణ సూత్రమంత నిర్దిష్టంగా కనిపించే చోటు ఒకటుంది. తక్కువమంది వాడే ఒక ప్రోగ్రామింగ్ భాష, తనకు వెలుపల మరో భాషలో రాసిన లైబ్రరీతో, అంటే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాముల సంపుటితో, సంబంధం కలుపుకొనే చోటు అది. భాష తన వాడుకరికి ఇచ్చిన హామీ ఆ ఎల్ల దగ్గర ఏమవుతుంది, దానికి బాధ్యులెవరు అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. సంబంధం ఎందుకు అనివార్యం?

1970ల తొలి సంవత్సరాలలో బెల్ లేబొరేటరీస్‌లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాష, కాలక్రమంలో ఇతర భాషలన్నీ కలుసుకునే ఉమ్మడి వేదిక అయింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మూలభాగాలు, రహస్యలిపి సాధనాలు, ఎస్‌క్యూలైట్ వంటి డేటాబేస్‌లు ఆ భాషలోనే ఉన్నాయి. ఇవాళ పుట్టిన భాష ఎంత సొగసైనదైనా ఒక ఫైలు తెరవాలన్నా, వలమార్గంలో ఒక సందేశం పంపాలన్నా ఎక్కడో ఒకచోట ఆ పాత సంపదను ఆశ్రయించక తప్పదు.

తెలుగు పాఠాన్ని సంస్కరించే ప్రోగ్రాములే ఇందుకు దగ్గరి ఉదాహరణ. అక్షరక్రమంలో పదాలను పేర్చడానికీ, పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టడానికీ ‘ఇంటర్నేషనల్ కాంపొనెంట్స్ ఫర్ యూనికోడ్’ అనే లైబ్రరీ ఉంది. ఒత్తులను, గుణింత చిహ్నాలను తగిన స్థానాల్లో కూర్చి తెరపై చూపడానికి హార్ఫ్‌బజ్ ఉంది. అనేక లిపుల గురించి ఎందరో నిపుణులు ఏళ్ల తరబడి కూడబెట్టిన జ్ఞానం వాటిలో నిక్షిప్తమై ఉంది. కొద్దిమంది ఔత్సాహికులు నడిపే భాష దానినంతా మొదటి నుంచి తిరిగి రాయలేదు. కనుక సంబంధం కలుపుకోవాలా వద్దా అన్నది అసలు చర్చ కాదు. ఏ నియమాలతో కలుపుకోవాలన్నదే చర్చ.

2. అనుమానం నుంచి శబ్దానికి

ఈ చర్చకు హాస్కెల్ భాష అనువైన ఆధారం. 1987లో ఒక సంఘం ద్వారా రూపకల్పన మొదలై, 1990లో తొలి నిర్వచనం వెలువడిన ఈ భాష, కఠినమైన టైపు క్రమశిక్షణకు పేరు పొందింది. ఒక ఫంక్షన్ ఏ రకం విలువను తీసుకుంటుంది, ఏ రకం విలువను ఇస్తుంది, బయటి ప్రపంచంలో ఏదైనా మార్పు చేస్తుందా లేదా అన్నది దాని టైపులోనే ప్రకటితం కావాలి. ఆ ప్రకటన ప్రోగ్రాముతో పొసగుతుందో లేదో కంపైలర్ తర్కబద్ధంగా నిర్ధారిస్తుంది. పొసగకపోతే ప్రోగ్రామును అంగీకరించదు.

సి భాషలోని ఫంక్షన్‌ను తెచ్చుకునేటప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. ప్రోగ్రాము రాసేవారు ఆ ఫంక్షన్ పేరు రాసి, దానికి ఒక హాస్కెల్ టైపు ప్రకటిస్తారు. కంపైలర్ సి ప్రోగ్రాము లోపలికి వెళ్లి ఆ ప్రకటన నిజమో కాదో చూడదు. రాసిన మాటను నమ్ముతుంది. గణిత లైబ్రరీలోని సైన్ ఫంక్షన్‌ను శుద్ధమైనదిగా, అంటే ఒకే విలువ ఇస్తే ఎప్పుడూ ఒకే ఫలితం ఇచ్చేదిగా ప్రకటిస్తే ఆ మాట నిజం. యాదృచ్ఛిక సంఖ్యలనిచ్చే ఫంక్షన్‌ను కూడా అదే విధంగా ప్రకటించవచ్చు. కంపైలర్ అప్పుడూ అభ్యంతరం చెప్పదు. కానీ ఆ మాట అబద్ధం. పిలిచిన ప్రతిసారీ కొత్త సంఖ్య రావలసిన చోట ఒకే సంఖ్య స్థిరంగా నిలిచిపోవచ్చు.

మెమరీ విషయంలో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. హాస్కెల్ తన మెమరీని తానే శుభ్రం చేసుకుంటుంది. సి భాషలో తీసుకున్న మెమరీని ఎవరో ఒకరు గుర్తుంచుకుని విడుదల చేయాలి. ఆ విడుదల పిలిచినవారి వంతా, పిలిపించుకున్నవారి వంతా అన్నది సి ఫంక్షన్ ప్రకటనలో సాధారణంగా కనిపించదు. లైబ్రరీతో వచ్చే వివరణ పత్రంలో, మనుషుల భాషలో రాసి ఉంటుంది. దానిని సరిగ్గా చదివి అర్థం చేసుకున్న మనిషి మీదే హామీ అంతా ఆధారపడుతుంది.

న్యాయదర్శనం చెప్పిన నాలుగు ప్రమాణాలలో అనుమానం, శబ్దం ఇక్కడ స్పష్టంగా వేరుపడి కనిపిస్తాయి. భాష లోపల కంపైలర్ అనుమాన ప్రమాణంతో పనిచేస్తుంది. ఎల్ల దగ్గర అది శబ్దాన్ని, అంటే ఆప్తుని మాటను, ఆశ్రయిస్తుంది. శబ్దం తక్కువ స్థాయి ప్రమాణమని దీని అర్థం కాదు. నైయాయికులు దానికి స్వతంత్ర స్థానమే ఇచ్చారు. అయితే చెప్పేవాడు ఆప్తుడైనప్పుడే అది ప్రమాణమవుతుంది. వస్తువును ఉన్నదున్నట్లు తెలుసుకోవడం, తెలుసుకున్నది తెలుసుకున్నట్లు చెప్పాలన్న సంకల్పం ఉండటం ఆప్తుని లక్షణాలు. వివరణ పత్రం చదవకుండా, నాలుగుసార్లు నడిపి చూసి, పనిచేసింది కదా అని టైపు ప్రకటించినవారిలో మొదటి లక్షణం లోపిస్తుంది. ఉన్న సందేహాన్ని దాచి ప్రకటించినవారిలో రెండోది లోపిస్తుంది.

నైతిక సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఒకసారి ప్రకటించిన టైపు, కంపైలర్ స్వయంగా నిర్ధారించిన టైపులతో కలిసిపోతుంది. పైనుంచి వాడుకునేవారికి రెండింటి మధ్య తేడా కనిపించదు. విన్నమాట రుజువైన మాట వేషం వేసుకుని చేతులు మారుతుంది.

3. అరువు మాట, అరువు పని

తెలుగు వ్యాకరణానికి అన్యభాషా సంబంధం కొత్త విషయం కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్య విభాగాన్ని చెప్పింది. సంస్కృత పదం తెలుగు వాక్యంలోకి ఉన్నపాటున రాదు. డుమువుల వంటి ప్రత్యయాలను స్వీకరించి ‘రాముడు’, ‘వనము’ అవుతుంది. ఆంగ్ల పదం కూడా ‘బస్సు’, ‘రోడ్డు’ అయి అజంతంగానే స్థిరపడుతుంది. పరాయి ఫంక్షన్ చుట్టూ తన టైపుల తొడుగు వేసి చిన్న భాష చేసే పని పైకి ఇటువంటిదే. కొత్త సభ్యుడు ఇంటి మర్యాద నేర్చుకున్నాకే పంక్తిలో కూర్చుంటాడు.

అయితే ఈ సాదృశ్యం ఒక హద్దు వరకే నిలుస్తుంది. అరువు తెచ్చుకున్న పదం తెచ్చుకున్న భాషదే అవుతుంది. మూలభాషలో ఆ పదానికి తరవాత ఏమైనా తెలుగు వాక్యం చెక్కుచెదరదు. అరువు ఫంక్షన్ అలా కాదు. పిలిచిన ప్రతిసారీ పని ఎల్ల దాటి వెళ్లి, అక్కడి నియమాలతో జరిగి, ఫలితం తిరిగి వస్తుంది. అక్కడి లోపం ఆ క్షణంలోనే ఇక్కడి నష్టమవుతుంది. కనుక దీనిని పదస్వీకరణ అనడం కంటే పని అప్పగింత అనడం సమంజసం. అప్పగించినంత మాత్రాన అప్పగించినవారి బాధ్యత తీరదన్నది లోకవ్యవహారంలోనూ అంగీకృతమైన విషయమే.

4. ఎల్లను గుర్తించే మూడు రీతులు

ఈ బాధ్యతను భాషలు వేర్వేరుగా అర్థం చేసుకున్నాయి. రిచ్ హికీ రూపొందించగా 2007లో వెలువడిన క్లోజర్, జావా వర్చువల్ మెషిన్ మీద అతిథిగా నివసించే భాష. తాను అతిథినన్న సంగతిని అది దాచదు. దాని అక్షరమాలలు జావా అక్షరమాలలే. దాని శూన్యవిలువ జావా శూన్యవిలువే. ఇది దాదాపు తత్సమ మార్గం. అలాగని తన ప్రధాన నియమాన్ని వదులుకోదు. క్లోజర్ జాబితాను జావా ప్రోగ్రాము జావా జాబితాగానే చదువుకోవచ్చు. మార్చబోతే మాత్రం ఆ ప్రయత్నం దోషంగా తిరస్కృతమవుతుంది.

1980లలో ఎరిక్సన్ సంస్థలో టెలిఫోన్ వ్యవస్థల కోసం రూపొందిన ఎర్లాంగ్‌ది వేరే దారి. ఒక భాగం కూలినా తక్కిన వ్యవస్థ నిలిచి ఉండాలన్నది దాని మూలసూత్రం. పరాయి ప్రోగ్రామును అది రెండు ముఖ్యమైన విధాలుగా కలుపుకోగలదు. మొదటి విధంలో ఆ ప్రోగ్రాము వెలుపల వేరుగా నడుస్తూ సందేశాలు మాత్రమే ఇచ్చిపుచ్చుకుంటుంది. అది కూలితే ఆ ద్వారం ఒక్కటే మూసుకుపోతుంది. రెండో విధంలో సి ఫంక్షన్‌ను వ్యవస్థ లోపలికే తెచ్చుకోవచ్చు. వేగం పెరుగుతుంది గానీ, ఆ ఒక్క ఫంక్షన్ తప్పు చేస్తే వ్యవస్థ మొత్తం కూలుతుంది. ఈ ప్రమాదాన్ని ఆ భాష అధికారిక వివరణే స్పష్టంగా హెచ్చరిస్తుంది. కొద్దిపాటి వేగం కోసం మూలసూత్రాన్ని పణంగా పెట్టవచ్చా అన్న నిర్ణయం పూర్తిగా రాసేవారికే మిగులుతుంది.

హాస్కెల్ ప్రధాన కంపైలర్‌లో 2011లో వచ్చిన ‘సేఫ్ హాస్కెల్’ విధానం మూడో రీతి. అందులో ‘సేఫ్’ అన్న గుర్తు కంపైలర్ నిర్ధారణతో వస్తుంది. పరాయి ఫంక్షన్‌ను శుద్ధమైనదిగా ప్రకటించడాన్ని అది అనుమతించదు. ‘ట్రస్ట్‌వర్తీ’ అన్న మరో గుర్తును మాత్రం రచయితే పెట్టుకుంటారు. లోపల నిర్ధారణకు అందని భాగాలున్నా బయటికి సురక్షితమేనని రచయిత ఇచ్చే మాట అది. ఆ మాటను నమ్మాలో వద్దో నిర్ణయించుకునే వీలు వాడుకరికి ఉంటుంది. అనుమానానికీ శబ్దానికీ వేర్వేరు పేర్లు పెట్టి, వేషధారణకు అవకాశం తగ్గించడం దీని విశిష్టత.

5. లోపం అక్కడ, నష్టం ఇక్కడ

ఇదంతా సిద్ధాంత చర్చ మాత్రమే కాదనడానికి రెండు సంఘటనలు చాలు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. అవతలివారు చెప్పిన పొడవు నిజమో కాదో సరిచూడని చిన్న పొరపాటు అది. దాని మూలంగా ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీ పరుల చేతికి చిక్కేది. రహస్య సంకేతాలు, పాస్‌వర్డులు అందులో ఉండవచ్చు. మెమరీ దోషాలు రానివ్వమని హామీ ఇచ్చే భాషలో రాసిన ప్రోగ్రామైనా, ఆ పనిని లోపమున్న ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌కు అప్పగించి ఉంటే ఆ హామీ దానిని కాపాడలేదు.

రెండో సంఘటన తెలుగు అక్షరానికి సంబంధించినదే. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞ’ సంయుక్తాక్షరానికీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక సంకేతం చేరిన అక్షరక్రమాన్ని చూపబోయి ఐఫోన్‌లలో అనేక యాప్‌లు కూలిపోయాయి. అక్షరాలను తెరపై చిత్రించే పనిని ఆ యాప్‌లు వేదికలోని లైబ్రరీకి అప్పగించాయి. లోపం అక్కడ ఉంది. ఐఓఎస్ 11.2.6 దానిని సరిదిద్దింది. సందేశం పంపుకుంటున్న మనిషికి మాత్రం కూలింది తన చేతిలోని యాప్. లోపం ఏ పొరలో ఉందో తెలుసుకునే దారి అతనికి లేదు.

6. రెండు ఆక్షేపణలు

అలాగైతే అన్నీ సొంతంగా రాసుకోవడమే ధర్మం కదా అన్నది మొదటి ఆక్షేపణ. హాస్కెల్‌లో సురక్షిత సంభాషణ నియమాలను ఆ భాషలోనే తిరిగి రాసిన లైబ్రరీ ఉంది. అటువంటి కృషి విలువైనది. కానీ రహస్యలిపి రంగంలో ఫలితం సరిగా రావడం ఒక్కటే చాలదు. లెక్క పూర్తికావడానికి పట్టిన సమయంలోని తేడా కూడా రహస్యాన్ని బయటపెట్టగలదు. ఎందరో నిపుణులు పరీక్షించిన పాత రచన కంటే కొద్దిమంది చూసిన కొత్త రచన సురక్షితమని ముందే చెప్పలేం. స్వయంసమృద్ధి ఒక రకం ప్రమాదాన్ని తగ్గిస్తూ మరో రకాన్ని పెంచవచ్చు. అందువల్ల అది ఆదర్శమే గానీ సార్వత్రిక విధి కాదు.

ఇటువంటి లైబ్రరీలను చాలావరకు స్వచ్ఛందంగా ఉచితంగా ఇస్తారు, ఏ హామీ లేదని అనుమతి పత్రంలోనే రాస్తారు, ఇక పూచీ ప్రశ్న ఎక్కడిదన్నది రెండో ఆక్షేపణ. ఆ పత్రం నష్టపరిహారపు బాధ్యతను తొలగించవచ్చు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పే హక్కును ఇవ్వదు. ఉచితంగా దారి చెప్పేవాడు దారి తప్పితే జరిమానా కట్టనక్కరలేదు. తనకు తెలియని దారిని తెలిసినట్లు చెప్పకపోవడం మాత్రం అతని ధర్మమే.

7. పూచీ పంపకం

కనుక పూచీ మొత్తాన్ని ఒక్కరి మీద మోపడం న్యాయం కాదు. ఎవరి మీదా లేదనడం అంతకన్నా అన్యాయం. ఎల్ల దగ్గర టైపు ప్రకటించేవారిది సాక్షి ధర్మం: మూలాన్ని చదవడం, సందేహాన్ని దాచకపోవడం, మూలం మారినప్పుడు తన సాక్ష్యాన్ని తిరిగి పరీక్షించడం. భాషను రూపొందించేవారిది న్యాయాధికారి ధర్మం: రుజువైనదీ విన్నదీ కలగాపులగం కాకుండా గుర్తులు ఏర్పరచడం. వాడుకునేవారిది శ్రోత ధర్మం: ఆ గుర్తులను చదివి, నమ్మకాన్ని తెలిసి ఉంచడం.

వీరందరికీ ఉమ్మడిగా ఇంకొక ధర్మం ఉంది. అది రుణం. హార్ట్‌బ్లీడ్ బయటపడే నాటికి ప్రపంచమంతా ఆధారపడిన ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌ను చాలీచాలని నిధులతో కొద్దిమందే నడుపుతున్నారన్న సంగతి ఆ తరవాతనే చాలామంది దృష్టికి వచ్చింది. అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ అటువంటి మౌలిక రచనలకు నిధులిచ్చే కార్యక్రమాన్ని ప్రారంభించింది. తీసుకున్నవారు కనుగొన్న లోపాన్ని మూలానికి తెలియజేయడం, వీలైతే సరిదిద్ది పంపడం దయాకార్యం కాదు. తీసుకున్న పనికి తిరుగుబాకీ.

ముగింపు

చిన్న భాష పరాయి లైబ్రరీని ఆశ్రయించడం లోపం కాదు, పరాధీనత కూడా కాదు. జ్ఞానంలో అధికభాగం మనుషులకు కూడా పరుల మాట వల్లనే లభిస్తుంది. ఎల్ల దగ్గర హామీ నశించదు. దాని జాతి మారుతుంది. రుజువుగా ఉన్నది సాక్ష్యమవుతుంది. ఆ మార్పును గుర్తించి చెప్పినంత కాలం వాడుకరి మోసపోడు. ఆ గుర్తును చెరిపి సాక్ష్యాన్ని రుజువుగా అమ్మినప్పుడు, ప్రోగ్రాము ఏ దోషమూ లేకుండా నడిచినా తప్పు జరిగినట్లే.