తప్పు తీర్పువలన వచ్చిన బహుమానము



బాక్సింగు అను ముష్టియుద్ధమును గూర్చి సంఘపత్రికలో వ్రాయుట ఏమని కొందరు అనుకొనవచ్చును. అయితే అపొస్తలుడైన పౌలు సైతము కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పరుగు పందెమును, పోట్లాటను చూపి ఆత్మీయ సత్యమును బోధించెను. ఇటీవల మన యౌవనులు సెల్‌ఫోనులో మాకొక దృశ్యమును చూపిరి. 35 సంవత్సరముల క్రిందట తనకు వచ్చిన బంగారు పతకమును ఒకడు తీసికొని పోయి, ఆనాడు ఓడెనని ప్రకటింపబడిన వాని చేతిలో పెట్టుచుండెను. ఆ సంగతి మమ్మును మిగుల ఆలోచింపజేసినది.

బాక్సింగులో ఒకడు పడి లేవలేకపోయినయెడల గెలుపెవరిదో అందరికిని తెలియును. ఇద్దరును కడవరకు నిలిచినయెడల, బరి ప్రక్కన కూర్చున్న తీర్పరులు వేసిన మార్కులే గెలుపును నిర్ణయించును. డబ్బుకొరకు జరుగు పోటీలలో ముగ్గురు తీర్పరులుందురు. ప్రతి రౌండులోను గెలిచినవానికి 10 మార్కులు, ఓడినవానికి సాధారణముగా 9. 1999 మార్చి 13న న్యూయార్కులో లెనాక్స్ లూయిస్, ఇవాండర్ హోలీఫీల్డు 12 రౌండ్లు పోరాడిరి. లెక్క పెట్టినవారు లూయిస్ 348 దెబ్బలు, హోలీఫీల్డు 130 దెబ్బలు తగిలించిరని చెప్పిరి. అయినను తీర్పరులలో ఒకరు లూయిస్ అనియు, ఒకరు హోలీఫీల్డు అనియు, ఒకరు సమానమనియు చెప్పగా, పోటీ ఎవరి గెలుపును కాకుండ ముగిసెను.

ఇట్టి తీర్పు వచ్చినప్పుడు జనులు వెంటనే "లంచము తిన్నారు" అందురు. తినియుండవచ్చును, తినకపోవచ్చును. తీర్పరి బరికి ఒక ప్రక్కనే కూర్చుండును గనుక కొన్ని దెబ్బలు ఆటగాని వీపు చాటున పడును. జనుల కేకలు కూడ మనస్సును లాగును. లోపలి హృదయమును చూచువాడు దేవుడొక్కడే. కాబట్టి తీర్పరుల సంగతి విడిచి మేము వేరొక ప్రశ్న అడుగుచున్నాము. తప్పు తీర్పువలన లాభము పొందినవాడు ఏమి చేయవలెను?

పైన చెప్పిన పతకము కథ 1988లో దక్షిణ కొరియాలోని సియోలు ఒలింపిక్సులో మొదలాయెను. కడపటి పోటీలో అమెరికావాడైన రాయ్ జోన్సు 86 దెబ్బలు, కొరియావాడైన పార్కు సీ హున్ 32 దెబ్బలు తగిలించిరని లెక్క తేలెను. అయిదుగురు తీర్పరులలో ముగ్గురు పార్కు పక్షముగా చెప్పిరి. ఆ క్రీడలన్నిటిలో శ్రేష్ఠుడైన బాక్సరను బహుమతి మాత్రము జోన్సుకే ఇయ్యబడెను! తరువాత విచారణ జరిగెను గాని, 1997లో లంచమునకు సాక్ష్యము లేదని చెప్పి ఆ తీర్పునే ఉంచిరి. జోన్సు డబ్బు పోటీలలో ప్రవేశించి నాలుగు వేరు వేరు బరువు తరగతులలో ప్రపంచ విజేత ఆయెను. పార్కునో, స్వదేశస్థులే నిందించిరి. బంగారము ఇంటిలో ఉండెను గాని నెమ్మది లేకపోయెను. 2023లో ఆయన అమెరికాకు వెళ్లి, ఇది నీదేయని చెప్పి దానిని జోన్సుకు అప్పగించెను.

"ఆయన లంచమియ్యలేదు, అడుగలేదు; తీర్పరులు ఇచ్చిరి, పుచ్చుకొనెను. ఇందులో ఆయన దోషమేమి?" అని మీరడుగవచ్చును. రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయము చదువుడి. తాకీదులు వ్రాసినది యెజెబెలు. తీర్పు తీర్చినవారు ఊరి పెద్దలు. అబద్ధ సాక్ష్యము పలికినవారు వేరొకరు. అహాబు చేసినదెల్ల లేచి నాబోతు ద్రాక్షతోటను స్వాధీనపరచుకొనబోవుటయే. అయినను ఏలీయా అతనికే ఎదురుగా వచ్చి నిలిచెను. పార్కు అహాబువంటి వాడని మేము చెప్పుట లేదు. తీర్పు కాగితము మనది కానిదానిని మనదిగా చేయజాలదని మాత్రమే చెప్పుచున్నాము.

సహోదరులారా, మన ఊళ్లలోను గట్టు తగాదాలున్నవి, పెద్దమనుష్యుల పంచాయతీలున్నవి, కోర్టు వ్యాజ్యెములున్నవి. తీర్పు మన పక్షముగా వచ్చినప్పుడు దేవుడు ప్రార్థన ఆలకించెనని స్తుతి కూడిక పెట్టుదుము. పొరుగువాని రెండు సాళ్లు మన చేనిలో కలిసినవని మన మనస్సునకు తెలిసియుండగా, మనము తెచ్చు కృతజ్ఞతార్పణను దేవుడు అంగీకరించునా? తీర్పరి పొరబడెను, సరే. మనము పొరబడలేదు గదా!

తప్పు తీర్పువలన నష్టపోయినవారికి ఒక మాట. న్యాయము కొరకు మరల అడుగుట పాపము కాదు. పౌలు కైసరు ఎదుట చెప్పుకొందుననెను. అయితే ఆ తీర్పుతో మీ బ్రదుకు ముగిసెనని తలంచకుడి. జోన్సు చేతి తొడుగులు విప్పి మూలను పడవేయలేదు.

జక్కయ్య 35 సంవత్సరములు ఆగలేదు. ప్రభువు తన యింటికి వచ్చిన దినముననే, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు తిరిగి ఇత్తుననెను. ఆలస్యముగానైనను ఇచ్చుట మేలు. నేడే ఇచ్చుట మరి మేలు. మన యింటిలో ఇతరులది ఏదైన ఉన్నదేమో, వచ్చే బల్లారాధనకు ముందుగానే వెదకి చూచుకొందము. ప్రభువు మనకట్టి ధైర్యము దయచేయునుగాక. ఆమేన్.