మిగిలిన అన్నము ఎవరిది?

ధర్మపురికి వచ్చిన యాత్రికులు గోదావరిలో స్నానమాడి, శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించి, ఆ ప్రాంగణముననే కొలువైయున్న యమధర్మరాజును కూడ దర్శింతురు. యమునకు ఆలయముండుట అరుదు. పాపులను దండించి దండించి మనశ్శాంతి కోల్పోయిన యముడు ఇచట గోదావరీ స్నానము చేసి, స్వామిని సేవించి శాంతి పొందెనని స్థలపురాణము.

అట్టి ధర్మరాజు కూడ ఒకమారు అన్నము విషయమున ఋణపడెను. ఆ కథ కఠోపనిషత్తున కలదు. నచికేతుడను బాలుడు యముని గృహమునకు పోగా యముడు ఇంట లేడు. బాలుడు మూడు రాత్రులు నిరాహారుడై యుండెను. తిరిగివచ్చిన యముడు తాను ఇంట లేనని తప్పించుకొనలేదు. అతిథికి నమస్కరించి, రాత్రికొక్కటి చొప్పున మూడు వరములిచ్చి ఋణము తీర్చుకొనెను. తెలియక జరిగిన దానికే యమునికి అంత ప్రాయశ్చిత్తము కావలసివచ్చినచో, తెలిసి తెలిసి అన్నము పారబోయు మన మాటేమి?

2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినదనియు, అందు 60 శాతము ఇండ్లలోనే పోయినదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో తెలిపినది. ఆ విభాగము లెక్క ప్రకారము నాడు ఆకలితో నున్నవారు 78 కోట్లకు పైమాటే. అనగా కొరత అన్నమునకు కాదు, దానిని చేర్చు చేతులకు.

ఇచట సదాచారపరులకొక సందేహము కలుగును. మిగిలినది పెట్టుట దానమగునా? అది ఎంగిలి కాదా? ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. విస్తరిలో చేయి పెట్టి విడిచినది ఎంగిలి. నిలువయుండి చెడినది పాచి. ఈ రెండును ఎవరికిని పెట్టరాదు. కాని వడ్డన ముగిసిన పిదప గంగాళములో ఎవరును తాకక మిగిలినది శేషము. శేషమను మాట వైష్ణవులకు క్రొత్తది కాదు. భగవంతుడు శేషి, జీవుడు శేషుడని రామానుజుల సిద్ధాంతము. పరుని కొరకు ఉండుటయే శేషత్వము. మనమే మన సొత్తు కానప్పుడు, గంగాళములోని అన్నము మనదెట్లగును? అది మనకు ఎక్కువైనది కాదు. మరియొకరి కొరకు వచ్చినది.

అయితే ఈ ధర్మమునకు శుచి, సమయము రెండును ప్రాణము. పెండ్లి వారు అర్ధరాత్రి పాత్రలు కడుగువేళ ఆలోచించిన ప్రయోజనము లేదు. వడ్డన జరుగుచుండగనే మిగులునని తోచినదానిని వేరు పాత్రలోనికి తీసి మూత పెట్టవలయును. వండినది 60 డిగ్రీలకు పైగా వేడిగనైనను, 5 డిగ్రీలకు లోపు చల్లగనైనను ఉండవలెను. నడుమ వేడిలో గంటల తరబడి నిలిచిన అన్నము చూపునకు బాగున్నను విషమగును. మిగులు ఆహారమును సేకరించి పంచువారికి ఆహార భద్రతా సంస్థ 2019లోనే నిబంధనలు చేసినది.

వండనిదానిని కాపాడుట ఇంకను సులభము. అంగడి ముగిసిన సాయంకాలము అమ్ముడుపోని టమాటలు, సొరకాయలు, ఆకుకూరలు తెచ్చి, చెడిన భాగము కోసివేసి, కడిగి వండినచో సాంబారన్నము సిద్ధమగును. దానిని వేడిగా పొట్లములు కట్టి, ఆ పూటకే ఆకలిగొన్నవారికి అందింపవచ్చును. ఇటలీలోని మిలాన్ నగరమున 2015లో ప్రపంచ ప్రదర్శన జరిగినపుడు, అచట మిగిలిన సరకులతోనే వంటవారు ఒక పాత నాటకశాలలో భోజనములు వండి నిరుపేదలకు వడ్డించిరి. వారు వరుసలో నిలుపలేదు. బల్లల యొద్ద కూర్చుండబెట్టి వడ్డించిరి.

అదియే ముఖ్యము. పుచ్చుకొనువాడు మన మిగులును పారవేయు చోటు కాదు. అతడు నచికేతుని వంటి అతిథి. మన బిడ్డకు పెట్టలేనిది అతనికి పెట్టరాదు. మిగిలిన పంచవచ్చునను ధైర్యముతో అధికముగా వండుటయు ధర్మము కాదు. కొలతగా వండుట మొదటి ధర్మము, శేషమును చేర్చుట రెండవది.

ఈమారు ధర్మపురిలో యముని యెదుట చేతులు జోడించినప్పుడు ఆయుస్సును కోరుటతో ఆగక, మన వాకిట ఎందరు పస్తుండిరో తలచుకొందము. ఆ ఋణము తీర్చు శక్తిని స్వామి మనకు ప్రసాదించుగాక.