అరువు తెచ్చుకొన్న మెలకువ

ముప్పది యేండ్లకు పైగా కచేరీలో జమాఖర్చులు వ్రాసిన గుమాస్తాను. మెట్రిక్యులేషను దాటిన చదువు లేదు. వైద్యమును గూర్చి వ్రాయు అర్హత నాకు లేకున్నను, ఆదాయమునకును అప్పునకును గల భేదము మాత్రము తెలియును.

గత సంవత్సరము పరీక్షల వేళ, పదవ తరగతి చదువుచున్న మా మనుమడు రాత్రి 2 గంటలకు పుస్తకము ముందు కూర్చుండుట చూచి మురిసితిని. ఇరుగుపొరుగు వారితో గొప్పగా చెప్పుకొంటిని. వారము తిరుగునప్పటికి వాని చేతులు వణకసాగెను. చిన్న మాటకే తల్లిపై విసుగుకొనుచుండెను. పడుకొన్నను నిద్ర రాక, గుండెదడ యని లేచి కూర్చుండెను. బల్ల క్రింద శక్తిపానీయముల ఖాళీ సీసాలు దొరకెను. వానికి డబ్బిచ్చినవాడను నేనే.

ఈ పానీయములకు ప్రాణము కెఫీను. మేల్కొని యున్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొని, ఇక విశ్రమింపుమని హెచ్చరించును. కెఫీను ఆ పదార్థము చేరవలసిన చోట తాను కూర్చుండి ఆ హెచ్చరికను అడ్డగించును. అలసట తీరదు, అలసిన కబురు మాత్రమే అందదు. త్రాగినదానిలో సగము తొలగుటకే సుమారు 5 గంటలు పట్టును. మన దేశపు నిబంధనల ప్రకారము లీటరునకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీను ఉండరాదు; పిల్లలకు తగదని సీసాపై వ్రాయవలయును. ఆ అక్షరములు నా కండ్లద్దములకును అందనంత చిన్నవి.

2024లో వెలువడిన ఒక సమీక్ష 57 పరిశోధనలను, 12 లక్షలకు మించిన పిల్లల, యువకుల వివరములను పరిశీలించి, ఈ పానీయముల వాడుకకును ఆందోళన, మానసికమైన క్రుంగుదల, ఆత్మహత్యాలోచనలకును సంబంధము కలదని తెలిపెను. లిథువేనియా దేశము 2014లోనే 18 ఏండ్ల లోపువారికి వీని అమ్మకమును నిషేధించెను. అయినను సంబంధము వేరు, కారణము వేరు. సీసా వలన మనసు క్రుంగెనో, క్రుంగిన మనసే సీసాను వెదకుకొనెనో, ఆ లెక్క పూర్తిగా తేలలేదు.

ఈ సందేహమే నన్ను ధర్మప్రశ్నకు చేర్చినది. దోషమెవరిది? బరంపురమున స్థిరపడిన మావంటి కుటుంబములలో పిల్లలు తరచుగా వినుమాట యొకటి కలదు: “మనము కొద్దిమందిమి, మనకు మార్కులే దిక్కు.” బడిలో ఒడియా, ఆంగ్లము, ఇంట తెలుగు, సాయంకాలము ట్యూషను. పదునైదేండ్ల వానిచే ఇన్ని బరువులు మోయించుచు, మెలకువను మెచ్చుకొనుచు, నిద్రను సోమరితనమనుచు, తుదకు సీసాను మాత్రము నిందించుట న్యాయమా?

కష్టపడనిదే పైకి రాలేమని పెద్దలు అనవచ్చును. నిజమే. కాని కష్టము వేరు, అప్పు వేరు. స్వంత బలముతో చేసిన శ్రమ నిద్రతో తీరును. అరువు బలము ఆ నిద్రనే తాకట్టు పెట్టును. మైనరు చేసిన అప్పు న్యాయస్థానమున చెల్లదు. శరీరము మాత్రము అట్టి మినహాయింపు నీయదు. కనుక పూచీ పడవలసినవారము మనమే.

వానిని వైద్యునకు చూపితిమి. సీసాలు మానినాడు, 10 గంటలకు దీపమార్పుచున్నాము. ఆనాడు వాడు నన్నొక ప్రశ్న అడిగెను: “మరి మార్కులు తగ్గితే, తాతా?”

“తగ్గనీరా” అనుటకు నాకొక నిమిషము పట్టెను. నా తప్పంతయు ఆ నిమిషములోనే యున్నది.